చింతపండుతో తోమిన రేడియేటర్

మొన్న వేసవిలో గుడివాడ నుంచి బందరు వెళ్తుంటే, కౌతరం దాటాక మా అన్నయ్య కొడుకు కారు ఆపేశాడు. స్టీరింగ్ వెనక ఎర్ర దీపం వెలిగిందట. తలుపు తీసి దిగేసరికి ఆవిరి వాసన ముక్కుకు తగిలింది. తడిసిన వేడి ఇనుము, కమిలిన రబ్బరు. "బానెట్ తియ్యరా, చూద్దాం" అన్నాను. వాడు కంగారుపడ్డాడు. "నువ్వు ముట్టుకోకు అత్తా, మనం చెయ్యి పెడితే వారంటీ పోతుంది" అని కంపెనీ వాళ్ళకు ఫోను చేశాడు. వాళ్ళు వచ్చేదాకా ఇద్దరం తుమ్మచెట్టు నీడన నిలబడ్డాం. వాడు ఫోను చూసుకుంటున్నాడు. నాకు మాత్రం ఇరవయ్యేళ్ళ వయసులో మా పశువుల సావిట్లో పీల్చిన అదే వాసన, దాని వెనకే ఆ సావిడి, ఆ జీపు, దాని చుట్టూ మూగిన మా ఇంటి మనుషులు ఒక్కొక్కరే కళ్ళ ముందుకు వచ్చారు.

మాది గూడూరు దగ్గర ఒక పల్లె. పెద్ద పెంకుటిల్లు. ముందు వాటాలో మేము, వెనక వాటాలో బాబాయి వాళ్ళు ఉండేవాళ్ళం, వంట మాత్రం ఒకటే. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద చర్చలు జరిగేవి. దేవుడున్నాడా, జాతకాలు నిజమా, కులం ఎలా పోతుంది అని మొదలైతే నాన్న గొంతు వీధి చివరిదాకా వినిపించేది. ఎదుటివాడి వాదాన్ని ముందు పూర్తిగా వినాలి, దాన్ని వాడికంటే బాగా మనం చెప్పగలగాలి, అప్పుడే ఖండించాలి అని ఆయన నియమం. నేను ఈనాటికీ వ్యాసం రాయడానికి కూర్చుంటే ఆ నియమమే గుర్తొస్తుంది. అదే ఇంట్లో, గోడకు అవతల, నాన్నమ్మ సంధ్యాదీపం పెట్టి గంట వాయించేది. కొడుకు అరుగు మీద దేవుడు లేడని రుజువు చేస్తున్నంతసేపూ ఆ గంట మోగుతూనే ఉండేది. తల్లీకొడుకులు ఒకరినొకరు మార్చే ప్రయత్నం ఎప్పుడో మానుకున్నారు. భోజనాల దగ్గర మాత్రం "మీ దేవుడు పప్పులో ఉప్పు మరిచిపోయాడమ్మా" అని నాన్న అంటే, "నీ సైన్సును లేచి తెచ్చుకోమను" అని నాన్నమ్మ అనేది.

మా వైపు బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. తాగడానికి కాలవ నుంచి నింపుకున్న మంచినీళ్ళ చెరువు ఒక్కటే ఆధారం. తెల్లవారుతూనే అమ్మా, పిన్నీ ఇత్తడి బిందెలతో ఆ మట్టినీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు. నాన్నమ్మ పెరటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, పటికముక్క చేత్తో పట్టుకుని బిందెలో గుండ్రంగా తిప్పేది. కాసేపటికి మట్టి పోగులుపోగులుగా అడుగుకు దిగిపోయి పైన నీళ్ళు తేటగా నిలిచేవి. ఆ నీళ్ళు తాగితే నాలుక చివర ఉందో లేదో తెలియని చిన్న వగరు. తర్వాత ఎన్నో ఊళ్ళ నీళ్ళు తాగాను, సీసాల్లో నీళ్ళు తాగాను. ఆ వగరు లేకపోతే దాహం తీరినట్టు ఉండేది కాదు చాలాకాలం.

బాబాయి పేరు వెంకటరత్నం. ఆయనకు వ్యవసాయం ఉంది, బంటుమిల్లి వైపు కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువు ఉంది, వాటన్నిటికంటే ఎక్కువగా ఒక పాత జీపు ఉంది. దాని పైకప్పు పీకేసి, వెనక సీట్లు తీసేసి, బురదను పట్టుకునే లావు టైర్లు వేయించాడు. కాలవలకు నీళ్ళు వదిలి, నాట్లకు ముందు చేలు బురదగా దున్ని దమ్ము చేసే రోజుల్లో మా వైపు ఊళ్ళలో కుర్రాళ్ళు జీపు పందేలు పెట్టేవాళ్ళు. దమ్ము చేసిన చేలో జెండాలు పాతి, బండి వాటి చుట్టూ తిరిగి రావాలి. మూడు విడతలు. విడతకూ విడతకూ మధ్య ఇంజన్లు చల్లార్చుకోవడానికి కొంత వ్యవధి ఇచ్చేవాళ్ళు. బండి మధ్యలో ఆగిపోతే తాడు కట్టి ట్రాక్టరుతో గట్టుకు లాగుతారు. తాడు పడిందంటే ఓడినట్టే. బాబాయి జీపు మొదటి విడతలో ఎవరికీ అందేది కాదు. రెండో విడతలో వేడి చూపించే ముల్లు ఎరుపులోకి పోయి, రేడియేటర్ మూత దగ్గర బుస్సుమని ఆవిరి లేచి, చేను మధ్యలో నిలబడిపోయేది. ఏ ఊరు వెళ్ళినా ఇదే వరస.

ఈ జబ్బుకు మా ఇంట్లో రెండు వైద్యాలు నడిచేవి. నాన్నమ్మ లెక్కన అది దిష్టి. ప్రతి పందేనికీ ముందు బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కట్టించేది. నాన్న లెక్కన అది నీళ్ళ దోషం. "బోరు నీళ్ళు పోస్తే లోపల ఉప్పు గడ్డకడుతుందిరా రత్నం. మనిషి తాగని నీళ్ళు యంత్రం మాత్రం ఎందుకు తాగాలి?" అని, పటికతో తేర్చిన నీళ్ళే పోయాలని శాసించాడు. బిందెలో తిప్పే పాటి పటిక జీపుకు చాలదని, దాన్ని పొడి కొట్టించి మరీ కలిపించేవాడు. నీళ్ళు ఎంత తేటగా కనిపిస్తే అంత మంచివని ఆయన నమ్మకం. నమ్మకం అనే మాటను ఇక్కడ తెలిసే వాడుతున్నాను.

ఆ ఏడు బాబాయికి నడుము పట్టేసింది. గుడివాడలో డాక్టరు జీపు వద్దన్నాడు. "తోలకూడదాండీ, ఎక్కకూడదాండీ?" అని బాబాయి బేరం పెట్టాడట. "దాని వైపు చూడకూడదు" అన్నాడట ఆయన. ఈ కబురు ఇంట్లో చెప్పిన రోజు, మజ్జిగ వడ్డిస్తున్న సుశీల పిన్ని, అంటే బాబాయి భార్య, "ఈసారి నేను తోల్తాను" అంది. పిన్ని బందరులో బీయస్సీ చదివింది. ఆ చదువుకు మా ఊళ్ళో వేరే పని దొరకలేదు గనక వంటింట్లోనూ రొయ్యల చెరువు దగ్గరా వాడుకునేది. చెరువుకు మేత బస్తాలు తీసుకెళ్ళడం కోసం జీపు నేర్చుకుంది. బాబాయి కంటే నెమ్మదిగా, బాబాయి కంటే బాగా తోలేది. ఆ చెరువు దాకా తోలుకుంటూ వెళ్ళే దారి ఒక్కటే ఆవిడ ఇంట్లోంచి ఒంటరిగా బయటపడే దారి. "తోల్తే తోలు" అన్నాడు బాబాయి. "నా కంటే ఘోరంగా ఎవరూ తోలలేరు గదా."

బంటుమిల్లి దగ్గర పందెంలో పిన్ని మొదటి విడత చక్కగా పూర్తి చేసింది. రెండో విడతలో జీపు ఎప్పటిలాగే ఉడికిపోయి ఆగింది. తాడు పడింది. గట్టు మీదకు వచ్చేసరికి మాటలు తయారుగా ఉన్నాయి. "ఆడమనిషి కూర్చుంది, బండికి పడలా" అన్నాడొకాయన. "ఇంట్లో పొయ్యి వెలిగించినట్టు ఇంజన్ వెలిగించారు" అన్నాడు ఇంకో కుర్రాడు. ఇన్నేళ్ళూ బాబాయి తోలుతూ ఆగిపోతే అది దిష్టి. ఒక్కసారి పిన్ని తోలుతూ ఆగిపోతే అది ఆడది. మూఢనమ్మకం అనేది ఎక్కడో చెట్ల మీద వేలాడేది కాదని, దానికి కావలసిన మనిషిని అది చాలా తెలివిగా ఎంచుకుంటుందని నేను ఆ రోజు గట్టు మీద నేర్చుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆ మాట నాన్నమ్మ చెవిన కూడా పడింది. ఆవిడ చెడ్డది కాదు. లోకం ఏమనుకుంటుందో ముందే విని భయపడే మనిషి. "దివిసీమ పందెం కూడా ఒప్పుకున్నావు గనక వెళ్ళు. అక్కడా తాడు పడిందంటే మాత్రం ఇక ఆ చక్రం ముట్టుకోనని నాకు మాటివ్వు. పందెమే కాదు, చెరువుకూ వద్దు. మేతకు ఎవరినన్నా పెట్టుకుందాం" అంది. పిన్ని చీర చెంగుతో చేతులు తుడుచుకుని "ఇస్తున్నా అత్తయ్యగారూ" అంది. నాన్న ఆ ఆదివారం అరుగు మీద స్త్రీల హక్కుల గురించి ఇల్లు కంపించేలా మాట్లాడాడు. లోపల పిన్ని జీపు రేడియేటర్ విప్పుతోంది.

కాలవల చివర్న ఉన్న దివిసీమకు నీళ్ళు ఆలస్యంగా చేరేవి. అందుకని అక్కడి పందెం కూడా ఆలస్యం. ఆ వ్యవధి మాకు దొరికింది. సావిట్లో గేదెల పక్కన జీపు, దాని ముందు గోనెపట్టా మీద విప్పిన రేడియేటర్. నేనూ పిన్నీ దాన్ని ఏటవాలుగా పట్టుకుని నీళ్ళు వంచితే, చివర్లో తెల్లటి జిగురు ముద్దలు ముద్దలుగా జారింది. ఉప్పు అయితే గరుకుగా ఉండాలి. ఇది గంజి మీగడలా మెత్తగా ఉంది. పిన్ని దాన్ని వేళ్ళ మధ్య రుద్ది చాలాసేపు చూసింది. అప్పుడే తొలకరి జల్లు పడింది. పెళ్ళిళ్ళకు తప్ప బయటకు తీయని గంగాళం చూరు కింద పెట్టి వాన నీళ్ళు పట్టింది. ఆ సాయంత్రం రెండు గిన్నెల్లో, ఒకదాంట్లో వాన నీళ్ళూ ఒకదాంట్లో జీపుకు పోసే పటిక నీళ్ళూ పోసి పొయ్యి మీద మరగబెట్టింది. తర్వాత నాన్నను పిలిచింది.

"బావగారూ, ఒకసారి వంటింట్లోకి వస్తారా?"

వాన నీళ్ళ గిన్నె అడుగు మెరుస్తోంది. పటిక నీళ్ళ గిన్నెకు చుట్టూ తెల్లటి పొర కట్టింది.

"గిన్నె సరిగా తోమలేదేమోనమ్మా" అన్నాడు నాన్న.

"గిన్నెలు మార్చి చూశానండీ."

"ఒకటి ఎక్కువసేపు మరిగిందేమో."

"రెండూ ఒకేసారి ఎక్కించి ఒకేసారి దించాను."

నాన్న కళ్ళజోడు తీసి గిన్నెను దీపం దగ్గరకు పట్టుకుని చూశాడు. పటిక నీళ్ళను వేడి చేస్తే తెల్లటి జిగురు విడుస్తుందని ఆయన ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. పీట మీద కూర్చున్నాడు. "నా నీళ్ళే" అన్నాడు మెల్లగా. "ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా మరగబెట్టి చూడలేదు నేను." తలుపు పక్కన చిక్కుళ్ళు ఒలుచుకుంటున్న నాన్నమ్మ "అయితే నా కోడలి వల్ల కాదన్నమాట" అంది. "కాదమ్మా" అన్నాడు. "అది నాకు చెప్తే ఏం లాభం, దివిసీమ వాళ్ళకు చెప్పు" అంది ఆవిడ. తను పెట్టిన షరతు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

లోపలి జిగురు వదలాలంటే పలచని ఆసిడ్ కావాలి. స్కూలు నుంచి తెస్తానన్నాడు నాన్న. ఈలోగా నాన్నమ్మ వచ్చి, నల్లరంగు ఊడిన చోట రేడియేటర్‌ను గోటితో గీకి చూసింది. "ఇది ఇత్తడి గదే. ఇత్తడికి ఆసిడ్ ఎందుకు, ఇంట్లో చింతపండు లేదా?" అంది. పిన్నీ నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అదీ ఆసిడే. పాత చింతపండు డేగిశాలో మరిగించి, రేడియేటర్ గొట్టాలకు ఒకవైపు గుడ్డ చుట్టిన కర్ర బిరడా బిగించి, ఆ వేడి పులుసు లోపల పోశాం. నేను ఒక వైపు, పిన్ని ఒక వైపు పట్టుకుని పసిబిడ్డను ఊపినట్టు ఊపాం. వీధిలో వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి "ఏంటమ్మాయ్, జీపుకు పులుసు పెడతన్నారా?" అన్నాడు. "అవును మావయ్యా, ముక్కలే వెయ్యలేదు" అంది పిన్ని. వంచిన ప్రతిసారీ బూడిదరంగు ముద్దలు వచ్చాయి. తర్వాత వంటసోడా నీళ్ళతో, ఆ తర్వాత వాన నీళ్ళతో కడిగాం. ఇల్లంతా విందు వంటల రోజున వచ్చే వాసన. భోజనానికి కూర్చున్న బాబాయి పులుసు ఏదని అడిగి, జీపు తాగేసిందని తెలుసుకుని, పచ్చడితో తిన్నాడు.

పట్టిన మురికి పోయాక, అది ఇన్నాళ్ళూ మూసి ఉంచిన సన్నని చిల్లు బయటపడింది. దాన్ని అతికించడానికి గోనెలో చుట్టి గుడివాడ బస్సులో తీసుకెళ్ళాం. "దీనికీ టిక్కెట్టు కొట్టనా?" అన్నాడు కండక్టరు. "కొడితే సీటివ్వాలి మరి" అంది పిన్ని. ఆ వారాల్లో ఆవిడ ఇంత తేలిగ్గా మాట్లాడుతుండేది గాని, గోనె మూట మీద పెట్టిన చెయ్యి మాత్రం తియ్యలేదు.

పందెం రోజున పులిగడ్డ దాటి దివిసీమలోకి వెళ్ళాం. జీపు వెనక డబ్బాల నిండా వాన నీళ్ళు. నాన్నమ్మ కట్టి పంపిన నిమ్మకాయల దండ బంపరు మీద వేలాడుతోంది. పిన్ని దిగి దాన్ని చూసి "ఏమండీ, అత్తయ్యగారి దండ వెనక కట్టండి. ముందు గాలికి అడ్డం" అంది బాబాయితో. నాన్న ఏమైనా అంటాడేమోనని చూశాను. తనే వెళ్ళి విప్పి వెనక కట్టాడు.

మొదటి విడత అయి జీపు గట్టు ఎక్కగానే మా పని మొదలైంది. ఇంజన్ వెంటనే ఆపకూడదు, కాసేపు నెమ్మదిగా తిరగనివ్వాలి. ఎవరో సాయం చేద్దామని బాల్చీతో చన్నీళ్ళు తెచ్చి ఇంజన్ మీద గుమ్మరించబోతే మా అమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "కాగే మూకుడు మీద నీళ్ళు పోస్తావా నాయనా, పగలదూ?" తడిపిన గోనెలు కర్రల మీద వేసి, రేడియేటర్‌కు జానెడు దూరంలో గాలి వచ్చే వైపు నిలబెట్టాం. వాటి గుండా వచ్చే గాలి చల్లగా తగులుతోంది. దివిసీమ బంక మట్టి ఆరితే ఇటికే. రేడియేటర్ రేకుల మధ్య ఇరుక్కున్న ఆ మట్టిని తడిపి, కొబ్బరి ఈనెలతో ఒక్కొక్క సందూ తవ్వాం. అమ్మ, నేను, నడుముకు పట్టీ కట్టుకున్న బాబాయి, నాన్న, వరసగా కూర్చుని పేలు చూస్తున్నట్టు చూశాం. మూత మీద తడిగుడ్డ వేసి మెల్లగా తిప్పి నీళ్ళు చూసే పని మాత్రం పిన్ని ఎవరికీ ఇవ్వలేదు.

రెండో విడతకు జీపు చేలో దిగింది. తాడు పట్టుకున్న కుర్రాళ్ళు ముందే గట్టు మీద వచ్చి నిలబడ్డారు. బంటుమిల్లి కబురు ఇక్కడిదాకా చేరింది. "ఇప్పుడు చూడండి, ఆ మలుపులో ఆగుద్ది" అన్నాడు ఒకడు. నాన్న వాళ్ళ దగ్గరకు వెళ్ళాడు. అరుగు మీద వినిపించే గొంతు కాదది. "అక్కడ బండి ఆగింది ఆవిడ వల్ల కాదయ్యా. నీళ్ళలో పటిక ఎక్కువ కలిపించింది నేను. ఆగింది నా వల్ల. సైన్సు మాస్టార్ని" అన్నాడు. "సరే మాస్టారూ, బండి రానివ్వండి చూద్దాం" అన్నాడు తాడు కుర్రాడు. జీపు ఆ మలుపు దగ్గరకు వచ్చింది, బురదను రెండు వైపులా విసురుకుంటూ తిరిగింది, వెళ్ళిపోయింది. ఆవిరి లేదు. కుర్రాడు తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు.

మూడో విడత కూడా పూర్తయింది. మొదటి బహుమతి వేరే ఊరి బండికి వెళ్ళింది. కొత్త ఇంజన్ దానిది. పిన్ని బురద మొహంతో దిగేసరికి చుట్టూ జనం. ఒక రైతు చేతులు జోడించి "మీ హస్తవాసి మంచిదమ్మా. రేపు మా తొలి దమ్ము, మా ట్రాక్టరు మీ చేత్తో ఒకసారి స్టార్ట్ చేసి పోదురూ" అన్నాడు. పొద్దున ఆమె చెయ్యి అరిష్టం, మధ్యాహ్నానికి అదే చెయ్యి శుభం. నా ఒళ్ళు మండింది. నాన్న నోరు తెరిచాడు. పిన్ని ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపి, రైతుతో "చేతిలో ఏం లేదండీ. రండి, ఏం చేశామో చూపిస్తా" అంది. బానెట్ కింద ఆయన తలా ఆవిడ తలా పక్కపక్కన చాలాసేపు ఉన్నాయి. ఆయన ఈనె చేతికి తీసుకుని తనే రెండు సందులు తవ్వి చూశాడు. నేను ఆ తర్వాత మూఢనమ్మకాల మీద ఎన్ని వ్యాసాలు రాశానో, ఎన్ని సభల్లో అరిచానో. ఆ బానెట్ కింద జరిగినంత పని వాటిలో ఎన్ని చేశాయో చెప్పలేను.

ఇప్పుడు మా వైపు ఆడపిల్లలు స్కూటర్లూ కార్లూ నడుపుకుంటూ వెళ్తుంటే ఎవరూ తలతిప్పి చూడరు. అది చిన్న మార్పు కాదు. షోరూమ్ నుంచి దిగే ప్రతి కారు చక్రం కింద నిమ్మకాయ నలుగుతూనే ఉంది. అది మారలేదు. మారిన ఇంకొకటి బానెట్, ఇప్పుడు దాన్ని మనం తియ్యం. అప్పుడు మా తప్పు గిన్నెలో మరిగించి చూడగలిగేంత దగ్గర్లో ఉండేది. మాస్టారి తప్పు మరదలు పట్టుకోగలిగేది, అత్తగారి డబ్బాలో చింతపండు దానికి మందయ్యేది. ఇప్పుడు యంత్రం మంచిగానే ఉంది, లోపల ఏముందో అడిగే అలవాటు మాత్రం మనకు పోతోంది. చూడకుండా నమ్మడానికి గుడి అక్కర్లేదు. నాన్న ఆ పందెం తర్వాత మరెన్నో ఆదివారాలు అరుగు మీద వాదించాడు. గొంతు తగ్గలేదు గాని, మధ్యలో ఒక్కోసారి ఆగి "ఇది నేను చూసిందా, అనుకున్నదా?" అని తనను తానే అడిగేవాడు. అలా ఆగినప్పుడు ఎదుటివాళ్ళు ఓడిపోయినట్టు కాక, ఆలోచిస్తున్నట్టు కనిపించేవాళ్ళు.

ఆ సాయంత్రం మేం ఇల్లు చేరేసరికి నాన్నమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. బహుమతి వచ్చిందా అని అడగలేదు. జీపు వెనక వేలాడుతున్న దండను చూసింది, ముందు ఖాళీ బంపరును చూసింది. పిన్ని దిగి, బురద కాళ్ళతో అరుగు ఎక్కకుండా కిందే నిలబడింది.

"తాడు పడిందా?"

"లేదు అత్తయ్యగారూ."

నాన్నమ్మ కాళ్ళు కడుక్కోమని చెంబు అందించింది. "రేపు చెరువుకు మేత పోవాలి గదా. బస్తాలు సావిట్లో పెట్టించాను. ఎండ ఎక్కకముందే బయల్దేరు" అని లోపలికి వెళ్ళింది.